పెదవి హెర్పిస్: భయం ఒకరి మీద ఒకరికి కాదు, ఇంటికి రాబోయే పసిబిడ్డ కోసం ఉండాలి

పాపా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి నీ కథ క్లుప్తంగా చెప్తాను. పెళ్లై ఏడాది కాలేదు. మీ ఆయనకు కింది పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయి, చితుకుతాయి, పక్కు కట్టి పోతాయి. ఈ ఎండాకాలం మళ్లీ వచ్చాయి. స్కిన్ డాక్టరు చీటీ మీద హెర్పిస్ అని రాశారు. నువ్వు ఫోన్లో వెతికితే లైంగిక వ్యాధి అని కనపడింది. గుండె జారి, ఎవరికీ చెప్పకుండా నువ్వే ల్యాబుకు పోయి రక్తం ఇచ్చావు. హెర్పిస్ వైరస్‌లో ఒకటో రకానికి ఐజీజీ అనే యాంటీబాడీ పరీక్ష పాజిటివ్, రెండో రకానికి నెగెటివ్ అని వచ్చింది. నీ పెదవి మీద ఇంతవరకు ఒక్క పొక్కు కూడా లేవలేదు. ఆ రిపోర్టు చూసి ఆయన "అయితే నీ నుంచే నాకు వచ్చిందా?" అన్నాడు. అప్పటినుంచి ఆయన హాల్లో, నువ్వు గదిలో. ముద్దుముచ్చట లేదు, ఒకే కంచంలో తినడం మానేశారు. రేపు పిల్లలు పుడితే ఏమవుతుందోనని నీ టెన్షన్. ఆఖర్లో, మాటవరసకన్నట్టు, ఆడబిడ్డ కాన్పుకు వచ్చే నెల మీ ఇంటికి వస్తోందని రాశావు.

నేను కర్నూలులో సుఖవ్యాధుల క్లినిక్‌లో చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. డాక్టర్ని కాను, మందుల చీటీ రాయలేను. కానీ నీలాంటి కొత్త జంటలు ఆ రిపోర్టు పట్టుకుని వచ్చి, నా ముందు కుర్చీల్లో చెరో మూల కూర్చోవడం చాలా చూశాను. పైగా మా ఇంటాయనకు పెళ్లికి ముందునుంచే ఈ పొక్కు ఉంది, కాబట్టి ఇంటి అనుభవం కూడా ఉంది.

నువ్వు ఆఖర్లో రాసిన మాటే ముందు తీసుకుంటాను. నువ్వు చెప్పినవాటన్నిటిలో నిజంగా భయపడాల్సింది అదొక్కటే.

మీ ఇద్దరికీ ఆ వైరస్ ఉంది. మీ ఆయనకు పొక్కులే సాక్ష్యం, నీకు రక్తమే సాక్ష్యం. ఇద్దరికీ ఒకే రకం ఉన్నప్పుడు ఆయన నుంచి నీకు, నీ నుంచి ఆయనకు కొత్తగా అంటుకునేది దాదాపు ఏమీ ఉండదు. ఒకసారి వచ్చాక ఒంట్లో తయారైన యాంటీబాడీలు అదే రకం మరోచోట పాతుకుపోకుండా చాలావరకు అడ్డుకుంటాయి. నూటికి నూరు శాతం అని చెప్పను, కానీ మీరు గదులు మార్చుకునేంత ప్రమాదం ఇందులో లేదు. ఆడబిడ్డ కనబోయే బిడ్డ సంగతి వేరు. నెలన్నర నిండని పసిగుడ్డుకు ఈ వైరస్‌ను ఆపే శక్తి ఉండదు. మనకు పెదవి మీద వారం, పది రోజుల చిరాకు. అదే బిడ్డకు కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు దాకా పాకగలదు. అరుదుగానే జరుగుతుంది, కానీ జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. బతికి బట్టకట్టినా మెదడు దెబ్బతినవచ్చు.

పసిపిల్లల్లో వచ్చే ఈ జబ్బులో ఎక్కువ భాగం కాన్పు సమయంలో తల్లి జననాంగం నుంచి వచ్చేదే. పదిలో ఒక కేసు దాకా మాత్రం పుట్టిన తర్వాత ఇంట్లోవాళ్లో చూడవచ్చినవాళ్లో ముద్దు పెట్టుకోవడం వల్ల, పొక్కు తాకిన చేత్తో ముట్టుకోవడం వల్ల వస్తుంది. మన ఇళ్లలో పురిటి బిడ్డ చుట్టూ ఎంతమంది చేరతారో నీకు తెలుసు. పైగా మీ ఆయన ఆ బిడ్డకు మేనమామ. తొట్లో వేసే రోజు, చెవులు కుట్టే రోజు, అన్నం ముట్టించే రోజు, అన్నిటికీ ఆయన ఒళ్లోనే బిడ్డ. మేనమామకు గండం ఉందని ముందు నూనెలో బిడ్డ ముఖం చూపించే ఇళ్లు మన వైపు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో గండం మేనమామకు కాదు, మేనమామ పెదవి నుంచి.

అందుకని ఆడబిడ్డ వచ్చేలోపే ఇంట్లో ఒక నియమం పెట్టండి. బిడ్డను ఎవరూ ముద్దు పెట్టుకోకూడదు. చెంప మీదా వద్దు, చేతి మీదా వద్దు, ఎందుకంటే ఆ చెయ్యి తిన్నగా నోట్లోకే పోతుంది. ఈ నియమం మీ ఆయన ఒక్కడికే పెడితే అవమానం, ఇంటిల్లిపాదికీ పెడితే జాగ్రత్త. అందరికీ పెట్టడమే సరైన వైద్యం కూడా, ఎందుకంటే పొక్కు లేనప్పుడు కూడా అప్పుడప్పుడు లాలాజలంలో వైరస్ బయటికి వస్తుంది, ఆ మనిషికే తెలియదు. మీ అత్తకు ఉండొచ్చు, పక్కింటి అవ్వకు ఉండొచ్చు. ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొక్కు ఉన్నవాళ్లు పక్కు రాలి కొత్త చర్మం వచ్చేదాకా అసలు ఎత్తుకోకపోవడం మేలు, తప్పనిసరైతే పొక్కు మీద గుడ్డో మాస్కో ఉండాలి. నీళ్లు పోయడానికి పిలిచే ముసలామె స్నానమయ్యాక బిడ్డ చెవుల్లో, ముక్కులో నోటితో ఊదుతుంది చూడు, అది వద్దని ముందే చెప్పండి. వేలితో తేనె నాకించడమూ వద్దు. తేనె ఈ వైరస్‌తో సంబంధం లేకుండా కూడా ఏడాదిలోపు బిడ్డకు పెట్టకూడదు.

బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఒళ్లు కాలినా లేక మరీ చల్లబడినా, ఎక్కడైనా నీటి పొక్కు కనపడినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. "ఇంట్లో ఒకరికి పెదవి మీద హెర్పిస్ ఉంది" అని పిల్లల డాక్టరుకు మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్ల ఆలోచన సరైన దారిలో పడుతుంది. ఈ వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు నరానికి ఎక్కిస్తారు, జబ్బు చర్మం, కళ్లు, నోటి దగ్గరే ఉంటే 14 రోజులు, మెదడుకో ఒళ్లంతటికో పాకితే 21 రోజులు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇక మీ ఇద్దరి మధ్య నలుగుతున్న ప్రశ్న, ఎవరి నుంచి ఎవరికి అని. దీనికి ఏ ల్యాబూ జవాబు ఇవ్వలేదు. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ ఒంట్లోకి వచ్చింది, ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంది, అంతే. తేదీ ఉండదు, ఒంట్లో ఎక్కడుందో ఉండదు, ఇచ్చినవాళ్ల పేరు ఉండదు. ఐజీఎం అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష కూడా చేయిస్తే కొత్తదో పాతదో తేలుతుందని ల్యాబు అబ్బాయి చెప్పి ఉంటాడు. డబ్బు దండగ. పాత జబ్బు మళ్లీ లేచినప్పుడు కూడా అది పాజిటివ్ రావచ్చు, తప్పుడు పాజిటివ్‌లూ ఎక్కువే. అసలు ఏ లక్షణమూ లేనివాళ్లకు ఈ రక్తపరీక్ష చేయొద్దనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కూడా చెప్తుంది. చేయిస్తే ఏమవుతుందో మీ ఇంట్లోనే చూశావు కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు జనంలో 64 శాతం మందికి, అంటే దాదాపు 380 కోట్ల మందికి ఈ ఒకటో రకం ఉంది. మూడు వంతుల్లో రెండు వంతులు అనుకో. వాళ్లలో చాలామందికి జీవితంలో ఒక్క పొక్కు కూడా లేవదు, నీలాగా. కొందరికి ఏళ్ల తరబడి ఏమీ లేకుండా ఉండి, ఒకనాడు జ్వరానికో ఎండకో మొదటిసారి బయటపడుతుంది, మీ ఆయనకూ అలాగే జరిగి ఉండొచ్చు. మొదటి పొక్కు ఎప్పుడు కనపడిందన్నదాన్ని బట్టి వైరస్ ఎప్పుడు వచ్చిందో లెక్క కట్టలేం. ఎక్కువమందికి చిన్నప్పుడే వస్తుంది. ఇంట్లోవాళ్లు ముద్దులాడినప్పుడో, ఎంగిలి చెంచాతో ముద్ద పెట్టినప్పుడో.

మీ ఆయన నీకు మేనమామ కొడుకే అని రాశావు. అంటే నీ అమ్మమ్మే ఆయనకు నాయనమ్మ. ఎండాకాలం సెలవుల్లో ఇద్దరూ ఆ ఇంట్లోనే పెరిగి ఉంటారు. అవ్వ సంగటి ముద్ద తన నోట్లో వేసుకుని వేడి చూసి మీ నోట్లో పెట్టి ఉంటుంది. మామిడికాయ ముక్క ఒకరు కొరికి ఇంకొకరికి ఇచ్చి ఉంటారు. మీ ఇద్దరికీ ఒకే అవ్వ నుంచి వచ్చి ఉండొచ్చు, వేర్వేరు చోట్ల నుంచీ వచ్చి ఉండొచ్చు. ఇది తేలదు. పెళ్లికి ముందు ఎవరి నడవడి ఏమిటన్నది దీన్నిబట్టి చెప్పలేం. నువ్వు ఆయనకు ఈ పేరా ఒక్కటి చూపించినా చాలు. నమ్మకపోతే ఇద్దరూ కలిసి సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి గానీ, సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు గానీ వెళ్లండి. అక్కడ కౌన్సెలర్ ఇదే మాట ఆయన ముఖం మీద చెప్తారు, ఫీజు ఉండదు. సురక్ష బోర్డు చూసి మొహమాటపడొద్దు. లోపల కూర్చున్నవాళ్లలో సగం మంది తెల్లబట్ట, దురద లాంటివాటికే వస్తారు.

రెండో రకం వేరు. అది ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారానే వస్తుంది, ఎక్కువగా నడుము కిందే ఉంటుంది. ఫోన్లో నువ్వు చదివిందంతా దాని గురించే. అది నీకు నెగెటివ్. అక్కి అని మన పల్లెల్లో కుమ్మరివాళ్ల దగ్గర ఎర్రమట్టితో రాయించుకునేది ఇంకో వైరస్, చిన్నప్పుడు అమ్మవారు పోసినవాళ్లకు పెద్దయ్యాక లేచేది. మూడూ ఒకే కుటుంబానివి, కానీ ఒకటి ఇంకొకటిగా మారదు.

ముద్దు సంగతికి వస్తాను, నువ్వు దాన్ని చుట్టూ తిప్పి అడిగావు. పొక్కు లేవబోయే ముందు, కొన్ని గంటలో ఒక రోజో, పెదవి అంచున ఒకేచోట చిమచిమలాడుతుంది, దురద పెడుతుంది, కొంచెం బిగుసుకున్నట్టు ఉంటుంది. అలవాటైనవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ చిమచిమ నుంచి పక్కు రాలి కింద గులాబీ రంగు చర్మం కనపడేదాకా పెదవులకు సెలవు. మామూలుగా ఏడు నుంచి పది రోజులు. మీ ఇద్దరికీ ఉంది కాబట్టి ఇది అంటుతుందన్న భయం కంటే నొప్పి కోసం, ఇంకా రెండు చోట్ల కోసం. ఒకటి కన్ను, రెండు కింది భాగం. పుండు ఉన్న పెదవితో ఆ రోజుల్లో ముఖరతి వద్దు. పొక్కు తాకిన వేలితో కన్ను నలపొద్దు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లయితే మరీ జాగ్రత్త. కౌగిలింతకు, పక్కన పడుకోవడానికి, మిగతా కాపురానికి ఏ అడ్డూ లేదు. ఆ రోజుల్లో మీ ఆయనను హాల్లోకి తోలితే ఆయనకు పొక్కు కంటే అదే ఎక్కువ బాధ.

మా ఇంట్లో దీనికి పెద్ద చర్చలు ఉండవు. ఆయన "వచ్చేట్టుంది" అంటాడు, అంతే. నేను తల ఊపుతాను. ఉగాది ముందు కన్నడ భక్తులు కర్నూలు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి కాలినడకన పోతారు కదా, వాళ్లకు మజ్జిగ పోయడానికి ఈయన మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నిలబడతాడు. ఆ తర్వాత పెదవి లేవకపోతేనే నాకు ఆశ్చర్యం. మజ్జిగ పోయొద్దని చెప్పడం మానేసి, టోపీ చేతిలో పెట్టి పంపడం మొదలుపెట్టాను.

గ్లాసులు, కంచాల గురించి జనం పడే భయం పడాల్సినదానికంటే చాలా ఎక్కువ. ఈ వైరస్ ఒంటి బయట ఎక్కువసేపు బతకదు. బాత్రూమ్ సీటు, బకెట్, దుప్పట్లు, వీటితో అంటుతుందని ఆందోళన పడక్కర్లేదు. పొక్కు ఉన్న వారం పాటు గ్లాసు, చెంచా, టవల్, షేవింగ్ బ్లేడు, లిప్ బామ్ ఎవరివి వాళ్లు వాడుకుంటే చాలు. మామూలు సబ్బు, మామూలు నీళ్లు సరిపోతాయి. మన ఇళ్లలో చెంబు ఎత్తి పెదవికి తగలకుండా నీళ్లు తాగే అలవాటు ఉంది చూడు, ఆ వారం అదే మంచి పద్ధతి. పొక్కు పోయాక ఒకే కంచంలో తినండి. కంచాలు ఏడాదంతా వేరుగా పెట్టుకునే ఇంట్లో ఆ కంచాలే ఊరికి చాటింపు వేస్తాయి.

మందుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ ఆలస్యం చేస్తారు. పొక్కు బాగా లేచి నీరు పట్టాక మెడికల్ షాపుకు పోయి ఎసైక్లోవిర్ క్రీము తెచ్చుకుంటారు. రోజుకు ఐదుసార్లు రాసినా ఆ క్రీము మహా అయితే ఒక రోజు తగ్గిస్తుంది. మాత్ర మేలు, అదీ చిమచిమ మొదలైన గంటల్లోనే వేసుకుంటే. పెద్దవాళ్లకు వాలాసైక్లోవిర్ 2 గ్రాములు ఒకసారి, 12 గంటలకు ఇంకో 2 గ్రాములు, అంతటితో ఆ కోర్సు అయిపోతుంది. ఎసైక్లోవిర్ మాత్రలైతే 5 రోజులు వాడాలి. మీ ఆయన డాక్టరును కలిసి చీటీ ముందే రాయించుకుని, మాత్రలు ఇంట్లోనే పెట్టుకోవాలి. రాత్రి పదింటికి పెదవి చిమచిమలాడితే తెల్లారి ఓపీ చీటీ తీసుకుని లైన్లో నిలబడేసరికి మందు పనిచేసే సమయం దాటిపోతుంది. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు మారుతుంది, మిగతావాళ్లు నీళ్లు బాగా తాగాలి. ఏడాదికి ఆరు లేక అంతకంటే ఎక్కువసార్లు వస్తుంటే రోజూ చిన్న మోతాదు వేసుకునే పద్ధతి ఉంది, అది డాక్టరు నిర్ణయం. మీ ఆయనకు ఎండాకాలంలోనే వస్తోంది కాబట్టి ఆ అవసరం కనపడటం లేదు. జీవితాంతం మందు వాడాలా అని అడిగావు. వద్దు. వైరస్ మాత్రం జీవితాంతం ఉంటుంది. ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో, కణాల ముడిలో నిద్రపోతూ ఉంటుంది. ఏ మాత్రా అక్కడికి పోయి దాన్ని చంపలేదు. అది లేచినప్పుడు మళ్లీ పడుకోబెట్టడమే మనం చేయగలిగింది.

మెడికల్ షాపులో అడిగితే గజ్జి, తామర, దురద అన్నిటికీ కలిపి ఇచ్చే ట్యూబు చేతిలో పెడతారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. పెదవి పొక్కు మీద అది రాయకండి. సున్నం, నిమ్మరసం, టూత్ పేస్టు కూడా వద్దు, చర్మం కాలి పుండు పెద్దదవుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క, ఎండిపోకుండా కాస్త వాజలిన్ చాలు. ఇంకో మాట, పక్కు గిల్లొద్దు. మా ఆయనకు ఇది చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

మీ ఆయన ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంటులో పని చేస్తాడని రాశావు. ఇక వేరే కారణం వెతకక్కర్లేదు. జ్వరం, నిద్రలేమి, ఒత్తిడి, ఆడవాళ్లకు నెలసరి, పళ్ల డాక్టరు దగ్గర నోరు సాగదీయడం, ఇవన్నీ దీన్ని లేపుతాయి. వాటిలో ఎండలోని అతినీలలోహిత కిరణాలు బలమైన కారణం. కర్నూలు ఎండలో పగలంతా ప్యానెళ్ల మధ్య తిరిగే మనిషి పెదవికి నీడ ఎక్కడిది? ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకంటే ఎక్కువ ఉన్న లిప్ బామ్ కొనిపెట్టు. పొద్దున ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదు, తిన్నాక, చెమట తుడుచుకున్నాక మళ్లీ రాయాలి. అంచు వెడల్పున్న టోపీ పెట్టుకోవాలి, కండువా ముక్కుదాకా చుట్టుకోవాలి. తోటివాళ్లు లిప్‌స్టిక్కా అని ఎగతాళి చేస్తారు, చేయనీ.

మీ అత్త "వేడి చేసింది" అంటోందని రాశావు. ఎండ సంగతి చూస్తే ఆమె మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కానీ దానికోసం శనక్కాయల చట్నీ మానిపించడం మాత్రం అనవసరం. ఆర్జినిన్ అనే పదార్థం ఈ వైరస్‌కు బలమని, శనక్కాయల్లో అది ఎక్కువని, లైసిన్ మాత్రలు వేసుకుంటే తగ్గుతుందని ఒక వాదం ఉంది. పరీక్షల్లో అది గట్టిగా నిలబడలేదు. ఉగ్గాని మీద చల్లుకునే పప్పుల పొడిలోకి కూడా ఈ గొడవ లాగకండి. పుండు ఉన్నప్పుడు మిరపకాయ బజ్జీ కారం మండుతుంది, ఆ నాలుగు రోజులు మానేస్తే చాలు.

నీ కాన్పు గురించి. మీకు పిల్లలు పుట్టడానికి దీంతో ఏ అడ్డూ లేదు. గర్భంతో ఉండగా పెదవి మీద పొక్కు లేస్తే కడుపులో బిడ్డకు ముప్పు లేదు. నిజమైన ముప్పు ఎప్పుడంటే, ఇంతకుముందు ఈ వైరస్ లేని ఆడమనిషికి ఆఖరి మూడు నెలల్లో మొదటిసారి జననాంగం దగ్గర హెర్పిస్ వస్తే. అప్పుడు తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యే వ్యవధి ఉండదు, కాన్పులో బిడ్డకు సోకే అవకాశం బాగా పెరుగుతుంది, ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. నీకు ఒకటో రకం యాంటీబాడీలు ఇప్పటికే ఉన్నాయి, అవి నీ బిడ్డకూ అందుతాయి. నువ్వు ఏడ్చిన ఆ రిపోర్టు ఈ ఒక్క విషయంలో నీకు మంచి కబురే. గర్భిణిగా నమోదు చేయించుకున్నప్పుడు డాక్టరమ్మకు మాత్రం చెప్పు. పాలివ్వొచ్చు, రొమ్ము మీద పుండు లేనంతవరకు. నీకు ఎప్పుడైనా పెదవి మీద పొక్కు లేస్తే మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వు.

ఇది చదివేవాళ్లలో ఒకరికే ఉండి ఇంకొకరికి లేని జంటలూ ఉంటారు. వాళ్లకు చిమచిమ నియమం నొప్పి కోసం కాదు, అంటకుండా ఉండటానికే, గట్టిగా పాటించాలి. అది పాటించినా పొక్కు లేనప్పుడు కొంచెం ప్రమాదం మిగిలే ఉంటుంది, ఏళ్ల తరబడి కాపురంలో దాన్ని సున్నా చేయలేం. రోజూ వాలాసైక్లోవిర్ వేసుకుంటే భాగస్వామికి సోకడం దాదాపు సగానికి తగ్గిందని 2004లో వచ్చిన పరిశోధన రెండో రకం మీద, జననాంగ హెర్పిస్ మీద చేసింది. దాన్ని పెదవి పొక్కుకు అలాగే వర్తింపజేయలేం. భార్య గర్భంతో ఉండి ఆమెకు ఈ వైరస్ లేకపోతే, భర్తకు ఉంటే, ఆఖరి మూడు నెలలు ముఖరతి పూర్తిగా మానుకోవాలి. ఈ మాట ఆసుపత్రుల్లో మొహమాటానికి ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ చెప్తున్నాను.

డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే అదే రోజు కంటి డాక్టరును చూడాలి. కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రే ఉంది. షాపులో చుక్కల మందు కొని వేసుకోవద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు పాడవుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండు హెర్పిస్ కాకపోవచ్చు. గుట్కా, ఖైనీ, బీడీ అలవాటు ఉన్నవాళ్లయితే క్యాన్సర్ పరీక్ష చేయించాల్సిందే. ఎగ్జిమాతో ఒళ్లంతా ఎండి పగిలే చర్మం ఉన్న పిల్లలను ఈ పొక్కుకు దూరంగా ఉంచాలి, వాళ్లలో ఒళ్లంతా పాకగలదు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, కీమో తీసుకునేవాళ్లకు ఇంటి చిట్కాలు పనికిరావు. నోటి లోపల, చెంప వైపు వచ్చే తెల్లటి పూతలు, పెదవి మూలల్లో వచ్చే పగుళ్లు సాధారణంగా ఇది కాదు, వాటికి ఈ మాత్రలు మింగొద్దు.

మీ అత్తకు చెప్పాలా అని అడిగావు. హెర్పిస్ అన్న పేరు చెప్పక్కర్లేదు. రిపోర్టు చూపించక్కర్లేదు, అది నీ సొంత విషయం. "జ్వరం పొక్కు అత్తా, పసిబిడ్డకు అంటితే ప్రమాదమని డాక్టరు చెప్పారు, నెలన్నర దాకా ఎవరం ముద్దు పెట్టుకోవద్దు" అను. మీ ఆయన చేత చెప్పిస్తే ఇంకా మంచిది, కొడుకు మాట కాబట్టి వింటుంది. ఆడబిడ్డకు మాత్రం విషయం పూర్తిగా, పేరుతో సహా చెప్పండి. ఆమె బిడ్డ, తెలుసుకునే హక్కు ఆమెకు ఉంది. చూడవచ్చిన చుట్టాలను ఆపేది కూడా ఆమే. ఆడబిడ్డ కాన్పుకు వచ్చేలోపు మీ ఆయన మాత్రల చీటీ, లిప్ బామ్ రెండూ ఇంట్లో ఉండేలా చూసుకో.